జంఖానా మీద ఎనిమిది అచ్చరాలు

సిద్దిరాములుకు తెలుగు సదువ రాదు. ఈ మాట ఇప్పుడు చెప్పుడు అలకనే గని, నలభై నాలుగేండ్లు వచ్చిందాక ఆయన ఈ ఒక్క ముచ్చటను దాసుకున్న తీరు చూస్తే, దొంగసొమ్ము దాసుకునేటోడు గూడ సిగ్గుపడతడు. కట్టుకున్న పెండ్లానికి చెప్పలే. కన్నబిడ్డకు చెప్పలే. పక్కింటి గట్టయ్యకు చెప్పుడైతే సచ్చినా లేదు.

అట్లని ఆయన సదువు రానోడా అంటే కాదు. అదే గదా తమాషా! వరంగల్‌ల మట్టెవాడ పక్క నేతగాళ్ల సందుల నిజాం జమానాల ఉర్దూ మిడిల్ పాసైన ఒకే ఒక్క మనిషి సిద్దిరాములు. ఆ రోజుల్ల బడంటేనే ఉర్దూ. ఇంట్ల అవ్వతోటి తెలుగు మాట్లాడాలె, బడికి పోయి అలీఫ్, బే రాయాలె. పంతులు బెత్తం దెబ్బలకు చెయ్యి ఎట్ల తిరిగిందంటే, సిద్దిరాములు కలం పట్టి ఒక్క దర్ఖాస్తు రాసిండంటే అచ్చరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని కుడి దిక్కు నుంచి ఎడమకు నడిచి పోయేటియి. సందుల ఎవలకు ఏ దర్ఖాస్తు కావాలన్నా ఆయన ఇంటికే వచ్చేది. "మా సిద్దన్న కలం పడితే తహసీల్దార్ సాబ్ గూడ కుర్సీల సక్కగ కూసొని సదువుతడు" అని గట్టయ్య వచ్చినోనికల్ల, పోయినోనికల్ల చెప్పేటోడు. గట్టయ్యకు ఏ సదువూ రాదు. అందుకే సిద్దిరాములంటే అంత గురి.

పోలీస్ యాక్షన్ అయింది, రాజ్యం మారింది, ఇంకో ఎనిమిదేండ్లకు తెలుగోల్ల రాజ్యం అని ఒకటే చేసిండ్రు. దుకాండ్ల మీది బోర్డులు ఒక్కొక్కటి దిగి తెలుగు బోర్డులు ఎక్కినయ్. పోస్టు కార్డులు తెలుగుల రావట్టినయ్. కచ్చేరి కాయితాలు గూడ నెమ్మదిగ మారవట్టినయ్. సిద్దిరాములు బజారుల నడుస్తాంటే ఆ గుండ్రటి అచ్చరాలు ఎక్కడికక్కడ పీటలేసుకొని కూసొని ఆయన దిక్కే చూసినట్టు అనిపించేది. ఆయన అవ్వ మాట్లాడిన మాటలే అవి, జోలపాట పాడిన మాటలే. కని కాయితం మీదికి వస్తే ఒక్కటీ ఆయనను పలకరించకపోయేది.

అయితే పెద్ద హుషారు మనిషి. ఎవలన్న తెలుగు కార్డు పట్టుకొని వస్తే దాన్ని చేతుల పట్టుకొని, అటూ ఇటూ చూసి, "అమ్మా శకుంతలా, ఇటు రా. నువ్వు సదువు, నీకు అలవాటైతది" అని బిడ్డ చేతికిచ్చేటోడు. బిడ్డ గడగడ సదివేది. "చూడు, సిద్దన్న బిడ్డను ఎట్ల తయారు చేస్తాండో" అని సందంత మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు తనది కాదని ఆయనకు ఎరికే. అయినా నవ్వుకుంట కూసునేటోడు.

నేర్చుకోవచ్చు గదా అంటరా? ఒక్కపారి చూసిండు. శకుంతల ఆరేండ్ల పిల్లగ ఉన్నప్పుడు, పలక మీద అ, ఆ దిద్దుకుంటాంటే పక్కన కూసొని తానూ ఒక బలపం ముక్క పట్టిండు. చెయ్యి మాట వినలే. కుడి దిక్కు నుంచి ఎడమకే గుంజింది. పిల్ల కిలకిల నవ్వింది. సరిగ్గ అప్పుడే గట్టయ్య గడపల నిలవడి, "ఏంది సిద్దన్నా, బిడ్డతోటి నువ్వు గూడ ఒకటో తరగతిల చేరినవా?" అన్నడు. ఊకెనే అన్నడు పాపం. సిద్దిరాములు పలక మీద ఉమ్మేసి, అరచేత తుడిచి, "పిల్లకు నేర్పుతాన" అన్నడు. ఆ దినం తర్వాత బలపం మల్ల పట్టలే.

ఇట్లనే పన్నెండేండ్లు గడిచినయ్. శకుంతల మెట్రిక్ పాసైంది. నేతగాళ్ల సందుల మెట్రిక్ పాసైన తొలి ఆడపిల్ల. అరవై ఒకటో సంవత్సరంల మట్టెవాడల నలుగురు పెద్దలు కమిటీగ కూడి ఆడపిల్లల కొరకు ఒక కొత్త బడి పెట్టిండ్రు. కమిటీకి పెద్ద వకీలు కిషన్ రావు. బడికి పెద్ద పంతులమ్మ అనసూయమ్మ, గుంటూరు దిక్కు నుంచి వచ్చిన మనిషి. మాట కటువు, మనసు సాపు. ఒకటో తరగతికి పంతులమ్మ కావాలంటే శకుంతలను పిలిచి, రెండు నెలలు పాఠం చెప్పించి చూసింది. "పిల్ల బాగా చెప్తోందండీ. బడి ప్రారంభం అయ్యాక కమిటీలో పెట్టి ఉద్యోగం ఖాయం చేద్దాం" అని కిషన్ రావుతోటి అన్నది. ఆ మాట విన్న రోజు సిద్దిరాములు ఇంట్ల పాయసం వండిచ్చిండు. శకుంతలైతే సంబురంల మూడు గిన్నెలు తిన్నది.

ఇగ ఇక్కడ మొదలైంది గోస.

కిషన్ రావు ఒకనాడు సిద్దిరాములును పిలిపిచ్చి, "సిద్దిరాములూ, ప్రారంభం నాడు వేదిక మీద పరవనీకి పెద్ద జంఖానా కావాలె. నడుమ మన బడి పేరు రావాలె. నేస్తవా?" అని అడిగిండు. వరంగల్ జంఖానాలంటే నేల మీద పరిచే దళసరి నూలు పరుపులు, రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉంటయ్. సిద్దిరాములు వెనకట కచ్చేరీల కొరకు, దర్గా కొరకు ఉర్దూ పేర్లు నేసిన చెయ్యి. "ఎందుకు నెయ్య వకీల్ సాబ్? నా బిడ్డ పంతులమ్మ అయ్యే బడి అది" అన్నడు. "తెలుగు అచ్చరాలు నేసినవా ఎన్నడన్నా?" అని కిషన్ రావు అడిగిండు. అప్పుడన్న చెప్పుకుంటే బాగుండు. "అచ్చరం ఏదైతేంది సార్, నాకు నేర్పాల్నా?" అన్నడు సిద్దిరాములు.

శకుంతల గడుల కాయితం మీద బడి పేరు రాసిచ్చింది. "బాలికల పాఠశాల." మొత్తం ఎనిమిది అచ్చరాలు. ఒక్కొక్క అచ్చరం ఒక్కొక్క పెద్ద కాయితం మీద, గడి గడి లెక్కవెట్టి దారాలు ఏసుకునేటట్టు, తల దిక్కు ఎర్ర గీత గీసి మరీ. కాయితాలను వరుసగ ఒకదాని కింద ఒకటి పెట్టి తండ్రి చేతికిచ్చి, "బాపూ, మగ్గం కాడికి నేనొస్త. వరుస నేను పెట్టిపోత" అన్నది.

ఆ పిల్ల అన్న తీరు చూసిండు సిద్దిరాములు. మెల్లగ అన్నది, కండ్లు దించుకొని అన్నది. ఈ పిల్లకు ఎరుకేనా? అనుకున్నడు. అంతే, కోపం వచ్చింది. సిగ్గును దాసుకోనీకి కోపం అంత అక్కరకొచ్చేది ఇంకోటి లేదు. "ఏందే, నాకు వరుస నేర్పుతవా? నువ్వు పుట్టకముందు నుంచి నేస్తాన పేర్లు. మగ్గం కాడికి రావద్దు. కోసి మడతపెట్టిందాక ఎవ్వలూ చూడద్దు" అని కసిరిండు. పిల్ల లోపటికి పోయింది.

మగ్గం మీద పడుగు ఎక్కించినంక, పడుగు కింద ఆ ఎనిమిది కాయితాలు వరుసగ కుట్టాలె. సిద్దిరాములు పైన ఉన్న కాయితం తీసిండు. అది మొదటి అచ్చరం అని ఎరికే. దాన్ని తీసుకపోయి కుడి చేతి దిక్కు కొసకు కుట్టిండు. రెండోది దాని ఎడమకు, మూడోది దాని ఎడమకు. తెలుగు ఎడమ నుంచి మొదలైతదని ఆయనకు తెల్వదా అంటే తెలుసు. నడిబజార్ల అడిగితే చెప్పేటోడే. కని తెలుసుడు వేరు, చెయ్యి వేరు. ముప్పయ్యేండ్లు ఏ పేరు నేసినా మొదటి అచ్చరం కుడికే కుట్టిన చెయ్యి అది. కుట్టినంక ఒక్కపారి ఎనకకు జరిగి చూసిండు గూడ. తెలుగు సదువొచ్చిన మనిషికైతే చూడంగనే కండ్లల్ల పొడిచినట్టు కనవడుతుండె. ఆయనకు ఎనిమిది అందమైన బొమ్మలు కనవడ్డయ్, అంతే.

పక్కన కూసొని నేసేది గట్టయ్య. ఆయన చూసినా ఒకటే, చూడకున్నా ఒకటే. "ఏం అచ్చరాలే సిద్దన్నా, ముత్యాలసొంటియి!" అన్నడు. పదిహేను రోజులు ఇద్దరూ పొద్దటి నుంచి పొద్దుమూకెదాక నేసిండ్రు. నీలం నేల మీద పసుపు అచ్చరాలు. సిద్దిరాములు ఒక్కొక్క పేక దారం ఎంత పానంతోటి కొట్టిండంటే, నా బిడ్డ పేరే నేస్తాన అన్నంత. మగ్గం దించినంక పెండ్లాం లింగమ్మ ఒక కొస ఇప్పి చూసి, "శకుంతలకు చూపిద్దాం జర" అన్నది. "బడి కాడ చూస్తది తియ్యి" అని చుట్ట చుట్టేసిండు. ఒక్కపారి చూపెడితే ఏం పోతుండె? ఆ మొండితనం ఏందో!

ప్రారంభం నాడు బడి ముందట పందిరి, మామిడాకులు, కుర్సీలు. కమిటీ పెద్దలు, సందుల జనం, తెల్ల రిబ్బన్లు కట్టుకున్న యాభై మంది పిల్లలు. సిద్దిరాములు కొత్త ధోవతి కట్టుకొని, జంఖానాను తానే భుజం మీద మోసుకొచ్చి, గట్టయ్య ఒక కొస పట్టంగ వేదిక మీద పరిచిండు. ముందట నిలవడి చేతులు కట్టుకొని, మెచ్చుకునేటోల్ల కొరకు చూస్తాండు.

ముందు వరుసల ఒక చిన్న పిల్ల, శకుంతల పాఠం చెప్పిన పిల్లనే, గొంతెత్తి సదివింది. కొత్తగ సదువొచ్చిన పిల్లలు ఏది కనవడ్డా సదువుతరు గదా. "ల... శా... ఠ... పా... ల... క... లి... బా."

ఒక్క గడియ ఎవలకూ అర్థం గాలే. తర్వాత ఇంకో పిల్ల సదివింది. తర్వాత పదిమంది కూడబలుక్కొని సదివిండ్రు. "లశాఠపా లకలిబా! లశాఠపా లకలిబా!" పందిరంత నవ్వు. కుర్సీలల్ల కూసున్న పెద్దమనుషులు గూడ పంచె చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నరు. ఎవలో తెలివిగల్లాయన, "బోర్లెయ్యుండ్రి, అటు దిక్కు సక్కగుంటది" అన్నడు. బోర్లేసిండ్రు. వరుసైతే సక్కగైంది గని, ఒక్కొక్క అచ్చరం మొఖం ఎనకకు తిప్పుకొని నిలవడ్డది. నవ్వు ఇంకింత ఎక్కువైంది. అనసూయమ్మ మొఖం ఎర్రగైంది. "ఏమిటండీ ఇది? బడి పేరే ఇలా ఉంటే ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు?" అన్నది.

కిషన్ రావు లేచి, "సిద్దిరాములూ, ఏంది ఇది?" అని అడిగిండు.

సిద్దిరాములుకు అప్పటికి అర్థమైంది. కుడి దిక్కు కొస, మొదటి కాయితం, తన చెయ్యి. అంతా ఒక్కపారే కండ్ల ముందట తిరిగింది. గట్టయ్య ఆయన దిక్కే చూస్తాండు. సందు సందంత చూస్తాంది. "నాకు తెలుగు సదువ రాదు" అని నాలుగు మాటలు. నోటిదాక వచ్చినయ్. అక్కడ ఆగినయ్. వాటి బదులు ఇంకోటి బయటికొచ్చింది.

"నాదేం లేదు సార్. నా బిడ్డ ఏ వరుసల రాసిస్తే ఆ వరుసలనే నేసిన."

అన్నంక ఆయనకే దిమ్మ తిరిగింది. ఎవలు అన్నరు ఈ మాట? తానే అన్నడు. పిల్లల నడుమ నిలవడ్డ శకుంతల తల ఎత్తి తండ్రిని చూసింది. ఒక్కపారే చూసింది. కోపం లేదు ఆ చూపుల. అదే ఉంటే బాగుండు. తర్వాత అనసూయమ్మ దిక్కు తిరిగి, "అవును టీచర్. తప్పు నాదే. కాయితాలు కలిసిపోయినయ్, నేను చూసుకోలే" అన్నది.

అనసూయమ్మ గట్టిగనే అన్నది, అందరూ వినంగనే అన్నది. "ఎనిమిది అక్షరాలు వరుసగా పెట్టలేని పిల్ల, రేపు యాభై మందికి అక్షరాలు ఏం నేర్పుతుందమ్మా?"

మూడో రోజు కబురొచ్చింది. శకుంతల ఇగ బడికి రానక్కర లేదు, వేరే పంతులమ్మను చూస్తాన్రని.

ఇంట్ల ఎవలూ సిద్దిరాములును ఏమనలే. శకుంతల ఎప్పటిలెక్కనే వంట చేసింది, కండెలు చుట్టింది, "బాపూ, అన్నం తిందువు రా" అని పిలిచింది. ఆ పిలుపు వినవడితే ఆయనకు పీట మీద కూసోవుడే కష్టమయ్యేది. సందుల నడిస్తే గట్టయ్య ఎదురొచ్చి, "పోనీ సిద్దన్నా, పిల్ల చిన్నది, తప్పులు చేస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు" అనేటోడు. ఆ ఓదార్పు వింటే చెప్పుతోటి కొట్టినట్టుండేది.

వారం రోజులకు లింగమ్మ తట్టుకోలేకపోయింది. బిడ్డ బాయికాడికి పోయిన యాళ్ల చూసి, మొగని ముందట నిలవడ్డది. "ఏమయ్యా, మనిషివేనా నువ్వు? బిడ్డ నోటికాడి బుక్క గుంజుకున్నవ్. నీకు తెలుగు రాదని నాకు తెల్వదనుకున్నవా? బిడ్డకు తెల్వదనుకున్నవా? దాని ఏడేండ్లప్పుడే నాతోటి చెప్పింది. 'అవ్వా, బాపును అడగకు, ఆయన బాధపడతడు' అన్నది."

సిద్దిరాములు లెక్క వెట్టుకున్నడు. ఏడేండ్లప్పటి నుంచి! అంటే కార్డు చేతికిచ్చి 'నువ్వు సదువు, అలవాటైతది' అన్న ప్రతిపారి ఆ పిల్లకు ఎరికే. ఎరికుండి ఊకున్నది. ఎరికుండే 'వరుస నేను పెట్టిపోత' అన్నది. తానొక్కడే కడుపుల దాసుకున్న అనుకున్నదంత ఇంట్ల అందరూ మోస్తాన్రు, ఆయనకు నొప్పి తగలకుంట. ఏం బతుకురా నాది అని తల పట్టుకొని కూసున్నడు.

ఆయనకు ఒకటే తొవ్వ కనవడ్డది. కమిటీకి నిజం చెప్పాలె. కని నోటితోటి? అందరి ముందట, గట్టయ్య ముందట? ఆ ధైర్యం ఇంకా రాలే. రాసిస్తే అయితది గదా అనుకున్నడు. ఉర్దూల రాస్తే వకీల్ సాబ్ సదువుతడు గని, బిడ్డను వద్దన్న అనసూయమ్మకు రాదు. ఇగ ఏం చేస్తడు? బిడ్డనే పిలిచిండు. నిజం చెప్పుకోనీకి గూడ ఆ పిల్ల చెయ్యే కావలసి వచ్చింది, చూడుండ్రి.

శకుంతల కాయితం, కలం తెచ్చుకొని ఎదురుంగ కూసున్నది. సిద్దిరాములు గోడ దిక్కు చూసుకుంట చెప్పిండు. "జంఖానా మీద వరుస తప్పింది నా చేతులల్ల. నా బిడ్డ సక్కగనే రాసిచ్చింది. నాకు తెలుగు సదువ రాదు. నా ఇజ్జత్ కొరకు నలుగుట్ల తప్పు బిడ్డ మీద ఏసిన. ఆ పిల్ల నా కొరకు ఒప్పుకున్నది. దాని కొలువు దానికియ్యుండ్రి." ఒక్కొక్క మాట ఆగి ఆగి చెప్తాండు. కలం మాత్రం కరకర నడుస్తనే ఉన్నది.

"రాసినవా బిడ్డా?"

"రాసిన బాపు."

"ఒక్కపారి సదువు."

శకుంతల కాయితం చూసుకుంట సదివింది. ఆయన చెప్పిన మాటలే, ఒక్కటి పోలే. విన్నంక ఆయనకు ఎదల బరువు కొంచెం దిగినట్టయింది. కింద ఉర్దూల దస్కత్ చేసిండు. ఎప్పటిలెక్కనే అందంగ పడ్డది.

బడిల కమిటీ కూడిన పొద్దు ఆ కాయితం అంగీ జేబుల పెట్టుకొని పోయిండు. కిషన్ రావు, అనసూయమ్మ, ఇంకో నలుగురు పెద్దలు. జంఖానా సంగతి తేల్చాలని గట్టయ్యను గూడ పిలిపిచ్చిండ్రు, ఆయన గోడకానుకొని నిలవడ్డడు. సిద్దిరాములు కాయితం తీసి రెండు చేతులతోటి అనసూయమ్మకు ఇచ్చిండు. "అందరూ వినేటట్టు సదువుండ్రి అమ్మా" అన్నడు. అని తల వంచుకొని నిలవడ్డడు. ఇప్పుడు సదువుతది, ఇప్పుడు అందరూ నా దిక్కు చూస్తరు, పోనీ, ఒక్క గడియ కండ్లు మూసుకుంటే అయిపోతది అనుకున్నడు.

అనసూయమ్మ సదివింది. "కమిటీ అధ్యక్షుల వారి సముఖమునకు సిద్దిరాములు చేసుకొను మనవి. జంఖానా మీద అక్షరముల వరుస తప్పుట నా కుమార్తె శకుంతల అజాగ్రత్త వలననే జరిగినది. ఇందులో నా లోపము ఏమియు లేదు. ఆమె చిన్నది గనుక ఆమె తరఫున నేను క్షమాపణ కోరుచున్నాను. నేసిన చేతికి గల పేరు చెడకుండునట్లు దయ చూడవలెను."

సిద్దిరాములుకు ముందు వినవడ్డది నిజమా కాదా తెల్వలే. మల్ల అర్థమైంది. కాయితం మీద ఒకటి రాసి, ఆయన చెవుల ఇంకోటి సదివింది శకుంతల. ఆయన కండ్ల ముందటనే. తండ్రి ఇజ్జత్ కొరకు తన కొలువు తానే ఇంకోపారి కోసుకున్నది, దాని కింద ఆయన పూలసొంటి దస్కత్ చేసిచ్చిండు.

"మంచిది సిద్దిరాములూ, మాదేం లేదు. నీ నేత మీద మాకెన్నడూ అనుమానం లేదు" అని కిషన్ రావు అంటాండు. గోడ కాడ గట్టయ్య తల ఊపుతాండు. ఇంకో మాట మాట్లాడకపోతే ముచ్చట అక్కడికే అయిపోతుండె. నమస్తే పెట్టి ఇంటికి పోవచ్చు. ఇజ్జత్ ఇజ్జత్ లెక్కనే ఉంటుండె.

"అది అబద్ధం" అన్నడు సిద్దిరాములు. ఆయన గొంతు ఆయనకే కొత్తగ వినవడ్డది. "నాకు తెలుగు సదువ రాదు వకీల్ సాబ్. అచ్చరాలు కుడి నుంచి కుట్టింది నేను. నా బిడ్డ తప్పు లేదు."

ఎవలూ నవ్వలే. అదే ఆయనకు అర్థం గాలే. నవ్వుతరనుకున్నడు, ఛీ కొడతరనుకున్నడు. కిషన్ రావు లేచి వచ్చి భుజం మీద చెయ్యేసి, కమిటీ దిక్కు తిరిగి, "చూసిండ్రా? తండ్రంటే గిట్లుండాలె. బిడ్డ కొలువు కొరకు సదువు రాదని తన మీద ఏసుకుంటాండు!" అన్నడు. పెద్దలందరూ అవునవునన్నరు. గట్టయ్య కండ్లు తుడుచుకుంట ముందటికొచ్చిండు. "సిద్దన్నకు సదువు రాకపోవుడేంది సార్? ముప్పయ్యేండ్ల నుంచి సందు సందంతకు దర్ఖాస్తులు రాసిన మనిషి. బిడ్డ మీది ప్రేమ, పావురం, గట్ల అనిపిస్తాంది."

ఇంత మెచ్చుకోలు సిద్దిరాములు బతుకుల ఎన్నడూ వినలే. నిలువునా కాలిపోతున్నట్టయింది ఆయనకు. పన్నెండు పదమూడేండ్లు చెప్పిన అబద్ధం ఎంత గట్టిగ నేసుకున్నడంటే, ఇప్పుడు తానే ఇప్పుదామన్నా ఒక్క పోగు ఊడొస్తలేదు. చేతులు జోడిచ్చిండు. అనసూయమ్మ దిక్కు తిరిగిండు.

"అమ్మా, ఆ కాయితం మీకు తెచ్చిచ్చింది ఎవలు?"

"మీరే తెచ్చారు."

"దాంట్ల తప్పు నా బిడ్డదని ఉన్నది. నేనొచ్చింది నా బిడ్డ తప్పు కాదని చెప్పనీకి. నేను చెప్పింది రాయమంటే, నన్ను కాపాడనీకి అది ఇంకోటి రాసింది. నాకు తెలుగు ఒక్క అచ్చరం వచ్చినా, ఈ కాయితం నా చేతులతోటి తెచ్చి మీకిచ్చి, అందరికి వినవడేటట్టు సదువుమంటనా అమ్మా?"

కిషన్ రావు చెయ్యి ఆయన భుజం మీది నుంచి మెల్లగ దిగింది. గట్టయ్య ఒక్క అడుగు ఎనకకేసి, ముప్పయ్యేండ్ల నుంచి ఎరుకైన మనిషిని కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. ఆ చూపును సిద్దిరాములు నిలవడి, తప్పించుకోకుంట, మొత్తం ఓర్సుకున్నడు.

అనసూయమ్మ కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి ఒక్క మాట అడగాల్సింది నేను" అన్నది. "సోమవారం పంపించండి. పిల్లలు ఆమె కోసమే అడుగుతున్నారు."

సిద్దిరాములు తల ఊపిండు. పోనీకి తిరిగి, మల్ల ఆగిండు. "ఆ కాయితం నాకియ్యుండ్రి అమ్మా."

"ఎందుకండీ ఇంక?"

"నా బిడ్డ నా కొరకు ఏం రాసిందో మీ నోట విన్న. ఒక ఏడాదికో రెండేండ్లకో, నా కండ్లతోటి నేను సదువుకోవాలె."

అనసూయమ్మ కాయితం మడతపెట్టి ఇచ్చింది.

ఆయన ఇల్లు చేరేటప్పటికి శకుంతల గడపల నిలవడి ఉన్నది. తండ్రి మొఖం చూసి ముందటికి రాలేక, "ఏమన్నరు బాపు?" అని అక్కడి నుంచే అడిగింది.

"సోమవారం నిన్ను రమ్మన్నరు."

ఆ పిల్లకు అర్థం కానీకి ఎంతసేపు పడతది? "ఎందుకు చెప్పినవ్ బాపు? నీ ఇజ్జత్..." అన్నది. కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఎక్కెక్కి ఏడ్సింది. సిద్దిరాములు బిడ్డ తల మీద చెయ్యి పెడదామని చెయ్యెత్తిండు. పదకొండేండ్లు తన సిగ్గును మోసిన తల అది. పెట్టనీకి మొఖం చెల్లలే. ఎత్తిన చెయ్యి దించుకొని, లోపటికి పోకుండ, గడప బయటనే కూసున్నడు.